పద్దెనిమిది సెకన్లు

అగ్గిపెట్టెకి అన్న లాంటిది,
నల్ల డబ్బా.
ఒంగోలు కర్నూలు రోడ్డులో మా నాయన వదిలిపోయిన కొట్టుకి
మొదటిసారి దాన్ని పట్టుకొచ్చినప్పుడు
సెట్‌టాప్ బాక్సు పిల్లేమో అనుకున్నా.

"కాదు జులేఖా, ఇంజన్ లేని విమానంలో పెట్టేది.
ఇంకోటి మీదికొస్తే అరుస్తుంది" అన్నాడు మాలకొండయ్య.
గెలాక్సీ రాయి కోయించీ కోయించీ
గోళ్ళ సందుల్లో మెరుపు మిగిలిపోయిన మనిషి.

మూత విప్పా.
వేలెడు యాంటెన్నా, ఒక చిప్పు, ఒక బజ్జరు.
నా స్కూటీ హారన్లోనే ఇంతకంటే సామానుంది.

దీనికి కళ్ళు లేవు.
సెకనుకోసారి గాల్లోకి ఒక్క ముక్క వదుల్తుంది:
ఇక్కడున్నా, ఇంత ఎత్తులో ఉన్నా,
ఇదిగో ఇటు తిరగబోతున్నా.
ఉన్న చోటు కాదు అసలు సంగతి,
ఉండబోయే చోటు
ముందుగా చెప్పేయడం.
మా ఇంట్లో ఒక్కరికీ చేతకాని పని.

చీమకుర్తి క్వారీల మీద మిట్టమధ్యాన్నం
నల్లరాయి పెనంలా కాగుతుంది.
వేడి సుడి తిరుగుతూ లేస్తుంది.
ముందు గద్దలు పసిగడతాయి.
వాటిని చూసి గ్లైడర్లు చేరతాయి.
ఒకే సుడి, ఒకటి కింద, ఒకటి పైన,
చప్పుడు లేదు.
ఆ చప్పుడు లేకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.
రాళ్ళ లారీ అయితే ఊరవతల నుంచే తిట్టుకుంటూ వస్తుంది.

మాలకొండయ్యకీ మస్తాన్ రెడ్డికీ
మూడేళ్ళుగా మాటల్లేవు.
రెండు క్వారీల మధ్య ఆరడుగుల గట్టు.
కోర్టులో కాగితాలు మాట్లాడుకుంటాయి,
పెళ్ళిళ్ళలో వీపులు.
కందుకూరు అవతల ఎర్రమట్టి రన్‌వే మాత్రం ఇద్దరికీ ఒకటే.
ఇద్దరి డబ్బాలకీ నేనే దిక్కు.

మార్చిలో ఒక మంగళవారం.
మస్తాన్ రెడ్డి ఎండలోంచి దిగుతున్నాడు,
ఈయన ఎండకి ఎదురు.
ముందు ఒక లైటు, తరవాత రెండు,
ఆ మీదట అరుపు,
కుక్కర్ మర్చిపోయిన ఇంట్లోంచి వచ్చినట్టు, ఆగకుండా.
"పద్దెనిమిది సెకన్లంట జులేఖా.
బీడీ వెలిగించుకునే టైము."
ఈయన కుడికి తిప్పాడు.
ఆయనా కుడికే తిప్పాడు.
రెక్క కొస అవతల
తెల్ల టోపీ, తెరిచిన నోరు,
అంతే, ఆకాశం మళ్ళీ ఖాళీ.

దిగాక పలకరించుకున్నారా అని అడిగా.
"ఆయన కారు ముందు పోయింది" అన్నాడు.
కాసేపు స్క్రూడ్రైవర్‌తో ఆడుకున్నాడు.
"నా నోరు మూడేళ్ళుగా మూసే ఉంది,
ఇదేమో నన్నడక్కుండా
వాడికి నా సంగతంతా చెప్తా ఉంది."

తెల్లారి మస్తాన్ రెడ్డి వచ్చాడు.
కూర్చోలేదు.
"అరుపు కాస్త తగ్గించమ్మా, చెవులు పోతున్నాయి."
తగ్గించలేదు. తగ్గించానని చెప్పా.

ఒక్క మాట ఇద్దరికీ గట్టిగా చెప్పి పంపుతా ఎప్పుడూ:
డబ్బా లేనివాడు దీని లెక్కలో లేడు.
రొయ్యల గుంటల మీద పోలయ్య కొడుకు ఎగరేసే డ్రోను లేదు.
గద్ద లేదు.
దారి చూపించిందే అది,
దాని పేరు ఏ లైటులోనూ వెలగదు.
అందుకని మెడ తిప్పి చూసుకోండి సామీ,
మెడకి వారంటీ అక్కర్లేదు.

ఈ వారం రెండూ సర్వీసుకొచ్చాయి.
లోపల ఉపగ్రహాలు దొరకవని
డాబా ఎక్కి పిట్టగోడ మీద పక్కపక్కన పెట్టా,
మా అమ్మ ఎండబెట్టిన మిరపకాయలు కాస్త జరిపి.
కదలనిదాన్ని చూసి అవి అరవవు.
పచ్చలైటు ఒకదాంట్లో మినుకు,
పచ్చలైటు రెండోదాంట్లో మినుకు.
ఇక్కడున్నా.
ఇక్కడే ఉన్నా.

కింద నుంచి అమ్మ,
"ఏందే అవి, ఎవరివి?"
కోర్టులో వాయిదా పదహారో తారీకు.
బ్యాటరీలు చూసుకుని దిగొచ్చా.